ఒకే పిట్ట, రెండు పద్దులు

చేను మీద వాలిన పిట్ట మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అని ఎవరైనా అడిగితే, పైరు ఏ దశలో ఉందో ముందు చెప్పమంటాను. పిచ్చుకనే చూడండి. పెద్ద పిచ్చుకకు గింజలే ముఖ్యాహారం కనుక, జొన్న పాలుపోసుకునే వేళ గుంపుగా వాలిందంటే కంకిలో తాలే మిగులుతుంది. గూట్లో పిల్లలున్న రోజుల్లో మాత్రం, వాటి ఎదుగుదలకు మాంసకృత్తులు కావాలి కాబట్టి, అదే పిచ్చుక పొద్దస్తమానం పురుగులను ఏరి తెచ్చి వాటి నోటికి అందిస్తుంది.

1958లో చైనా ఈ లెక్కలో ఖర్చు పద్దునే చూసి, ఎలుకలు, ఈగలు, దోమలతో పాటు పిచ్చుకలను కూడా నిర్మూలించవలసిన పీడల జాబితాలో చేర్చింది. జనం పళ్ళాలూ డప్పులూ మోగిస్తూ, వాలడానికి చోటివ్వక, అవి అలసి నేలరాలేదాకా తరిమారు. పంటల మీద పురుగుల తాకిడి పెరిగాక, 1960లో పిచ్చుకల పేరు కొట్టేసి నల్లుల పేరు రాశారు. ఆనాటి కరువుకంతటికీ ఇదే కారణమనడం సరికాదు. ధాన్య సేకరణ విధానాల పాలు అందులో చాలా పెద్దది.

పండ్లతోటల్లో నష్టం మరో తీరుగా ఉంటుంది. పిట్ట తిన్నది పిసరంతే అయినా, ముక్కు దిగిన చోట కుళ్ళు పట్టి ఆ కాయ అమ్మకానికి పనికిరాకుండా పోతుంది. మెరిసే రిబ్బన్లకూ శబ్దాలకూ పక్షులు కొద్ది రోజుల్లోనే అలవాటు పడతాయి. కాస్త ఖర్చయినా బిగువుగా కట్టిన వలే నమ్మదగినదని నా అభిప్రాయం. వదులుగా వేస్తే పక్షులు చిక్కుకుని చస్తాయి. న్యూజిలాండ్‌లో ద్రాక్షతోటల దగ్గర డేగలను పెంచి, వాటి భయంతో చిన్న పిట్టల బెడద తగ్గించిన ఉదాహరణ కూడా ఉంది.

గుడ్లగూబ మీద మాత్రం నాకు ఫిర్యాదు లేదు. ఎలుకను మింగి, అరగని ఎముకలనూ బొచ్చునూ ఉండలా చుట్టి కక్కేస్తుంది; ఆ ఉండను విప్పి పుర్రెలు లెక్కపెడితే దాని జమ పద్దు చేతికందుతుంది.

పురుగు తినే ఏట్రింత పిట్టలు వాలడానికి పైరులో టీ ఆకారపు కర్రలు పాతడం మంచి పద్ధతే. అయితే కంకిలో గింజ పాలుపోసుకోగానే వాటిని పీకేయాలి. ఆలస్యం చేస్తే గింజలు తినే పిట్టలకు వడ్డించిన విస్తరి ముందు పీట వేసినట్లే అవుతుంది.