కారుకు టింట్ వేయించాక తొలి 30 రోజులు: నా అనుభవం

మా పాపకు రెండేళ్లు. జూన్ సాయంత్రాల్లో డేకేర్ నుంచి తీసుకొస్తుంటే ఎండ నేరుగా దాని కుడి బుగ్గ మీదే పడేది. ఇల్లు చేరేసరికి ఆ చెంప ఒక్కటే కందిపోయి ఉండేది. అద్దానికి రబ్బరు కప్పులతో అంటించే జాలీ తెర కొన్నాం గానీ, ఈ డాలస్ వేడికి అది రోజుకోసారి ఊడి దాని ఒళ్లో పడేది. చివరికి మా క్యామ్రీ కారుకి నాలుగు తలుపుల అద్దాలకూ, వెనక అద్దానికీ సెరామిక్ ఫిల్మ్ (ఎండ వేడిని తగ్గించేలా అద్దానికి లోపలివైపు అంటించే పల్చటి పొర, టింట్ అనేది దీన్నే) వేయిద్దామని నిర్ణయించుకున్నాం.

అప్పుడు మా నాన్న గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఫిల్మ్ అనగానే "పోలీసులు పట్టుకోరామ్మా?" అన్నారు. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కారు అద్దాలకు నల్ల ఫిల్మ్ ఉండకూడదని తీర్పిచ్చింది, మే 4 నుంచి అమల్లోకి తెచ్చారు. ఆ ఎండల్లో ఆయన వాకిట్లో స్టూలు వేసుకుని, మా పాత కారు ఫిల్మ్‌ని బ్లేడుతో గీకి తీయడం నాకింకా గుర్తే. టెక్సస్ లెక్క వేరు. ఇక్కడ ముందు తలుపుల అద్దాల్లోంచి కనీసం 25 శాతం వెలుతురు లోపలికి రావాలి. వెనక తలుపులకు ఆ హద్దు లేదు. అయితే ఒక మెలిక ఉంది. కంపెనీ అద్దం కూడా కొంత వెలుతురును ఆపుతుంది కాబట్టి, దాని మీద 25 శాతం వెలుతురును వదిలే ఫిల్మ్ వేస్తే మొత్తం కలిపి 20 శాతం చుట్టుపక్కలకు పడిపోతుంది. అందుకే మేం ముందు 35 శాతం, వెనక 20 శాతం ఫిల్మ్ వేయించాం.

శనివారం పొద్దున కారు ఇస్తే మధ్యాహ్నానికి అయిపోయింది. షాపతను తాళం చేతికిస్తూ అయిదు రోజులు అద్దాలు దించొద్దన్నాడు, నెల రోజులు లోపలివైపు తుడవొద్దన్నాడు. ఎందుకో కూడా వివరంగా చెప్పాడు. ఫిల్మ్‌ని సబ్బునీళ్లు చల్లి అంటిస్తారు. రబ్బరు పలకతో ఎంత నెట్టినా కాస్త తడి లోపల మిగిలిపోతుంది. అది మెల్లగా ఆవిరై పోయేదాకా జిగురు గట్టిపడదు. వేసవిలో త్వరగా ఆరుతుంది, చలికాలంలో ఇంకా ఆలస్యం.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే నాన్నకు వెంటనే అర్థమైంది. "స్లాబ్ వేశాక గడువు తీరకుండా సెంట్రింగ్ విప్పం కదా, అలాంటిదే" అన్నారు.

అయినా అలవాటు అలవాటే. మూడో రోజు ఫ్రిస్కో హనుమాన్ గుడికి వెళ్లొస్తున్నాం. ఎండలో నిలబెట్టిన కారు, లోపల కొలిమిలా ఉంది. నాన్న ముందు సీట్లో కూర్చుంటూనే గాలి కోసం బటన్ నొక్కేశారు. నేను అరిచేలోపే అద్దం రెండు వేళ్లంత దిగింది. గబగబా పైకి ఎక్కించాను గానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. తలుపు అంచున అద్దాన్ని ఒరుసుకుంటూ ఉండే పట్టీ పచ్చి ఫిల్మ్‌ని పట్టి లాగింది. కింది అంచుకు రెండు వేళ్ల ఎత్తున జానెడు పొడవు ముడత, సన్నగా, వెంట్రుకలా. దాని కింద చిన్న గాలి పొక్కు. పాపం నాన్న ముఖం చూడలేకపోయాను. గోటితో నొక్కి సరిచేయబోతుంటే నేనే ఆపాను. షాపుకి ఫోన్ చేస్తే వాళ్లూ అదే మాట: గోరు, కార్డు ఏదీ పెట్టొద్దు, అలాగే తీసుకురండి. ముడత పడిన ఫిల్మ్ మళ్లీ సాఫీ కాదట. ఆ ఒక్క అద్దానికీ తీసేసి కొత్తది వేశారు. పొరపాటు మాదే కాబట్టి డబ్బు కట్టాం. ఆ అద్దానికి మళ్లీ ఒకటి నుంచి లెక్క.

ఇంటికి రాగానే నాలుగు బటన్ల మీదా నీలం రంగు పెయింటర్స్ టేప్ అంటించాను. ఈ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కోడ్ కొట్టాలన్నా, బ్యాంకు డ్రైవ్-త్రూ అన్నా, ఆ వారం తలుపు తెరిచే. పోలీసు ఆపి దించమంటే మాత్రం దించాల్సిందే. ఫిల్మ్ పోతే మళ్లీ వేయించుకోవచ్చు.

అసలు టెన్షన్ రెండో వారంలో మొదలైంది. ఎండ పడగానే వెనక అద్దమంతా పొగమంచు పట్టినట్టు తెల్లగా, మధ్యమధ్య నీటి పొక్కులు. పని చెడిపోయిందనే అనుకున్నాను. నాన్న రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెళ్లి పొక్కులు లెక్కపెట్టి వచ్చేవారు. పన్నెండు, తొమ్మిది, అయిదు. వెలుతురుకు అడ్డంగా చూస్తే తేడా తెలుస్తుంది. నీటి పొక్కు మెత్తగా, లోపల తడి మెరుస్తూ ఉంటుంది, రోజురోజుకూ కుంచించుకుపోతుంది. దుమ్ము రేణువు మీద పడిన పొక్కు నడుమ చిన్న మొటిమలా గట్టి చుక్క ఉంటుంది. అది ఎన్నాళ్లున్నా పోదు. మాకు డ్రైవర్ అద్దం మూలలో అలాంటిదొకటి తేలింది. నెల ఆగి చూపిస్తే డబ్బు తీసుకోకుండా మార్చారు. వెనక అద్దం చుట్టూ నల్ల చుక్కల అంచు ఉంటుంది కదా, అక్కడ మాత్రం ఫిల్మ్ పూర్తిగా అతుక్కోక కొంచెం తెల్లగానే కనిపిస్తుంది. చుక్కలు ఉబ్బెత్తుగా ఉండటం వల్ల అంతే, దానికి బెంగపడనక్కర్లేదు.

నెల దాటాక తుడవడం మొదలుపెట్టాను. ఇంట్లో అద్దాలకు వాడే స్ప్రేలు చాలావాటిలో అమోనియా ఉంటుంది. అది ఫిల్మ్‌ను పాడుచేస్తుంది కాబట్టి ఆ సీసా కారు దగ్గరికే రానివ్వను. గిన్నెడు నీళ్లలో రెండు చుక్కలు పాప షాంపూ వేసి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డను ముంచి పిండి తుడుస్తాను, వెంటనే పొడి గుడ్డతో మరోసారి. నీళ్లు అద్దం మీద చల్లను, అంచుల్లోంచి లోపలికి దిగుతాయి. వెనక అద్దంలో డీఫ్రాస్టర్ గీతలు (అద్దం మీది మంచును కరిగించే సన్నటి వేడి తీగలు) ఎటుంటే అటే, అడ్డంగా తుడవాలి. మధ్యలో ఒకసారి పాప సీతాకోకచిలుక స్టిక్కర్ అంటించేసింది. గోటితో లాగకుండా, తడిగుడ్డను దాని మీద పదిహేను నిమిషాలు ఆనించి ఉంచితే దానంతటదే వదిలింది. జాలీ తెర మళ్లీ పెట్టలేదు. ఆ రబ్బరు కప్పులు ఫిల్మ్‌ని పట్టి లాగుతాయి, పైగా ఇప్పుడు దాని అవసరమూ లేదు. పాప దారిలోనే నిద్రపోతోంది, బుగ్గ కందడం లేదు.

చక్రాలు తుడిచే గుడ్డతో కలిసిపోతే ఇసుక రేణువులు చేరి ఫిల్మ్ గీరుకుపోతుందని, నాన్న ఊరెళ్లే ముందు ఈ రెండు గుడ్డల్నీ వేరే జిప్ కవర్లో పెట్టి, పైన మార్కర్‌తో పెద్దక్షరాల్లో "అద్దాలకు మాత్రమే" అని రాసి, డ్రైవర్ తలుపు అరలో పెట్టి వెళ్లారు.