వంతెన మీద వాన

నిన్న టోక్యో హరాజుకులోని ఓతా స్మారక మ్యూజియంకి వెళ్లాను. వెలుగు తగిలితే రంగులు వెలిసిపోతాయని గదంతా మసకగా ఉంచారు. జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1857 నాటి వాన బొమ్మ ముందు అరగంట నిలబడిపోయాను. చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చు వేసిన బొమ్మ అది. ఓహాషి వంతెన మీద ఉన్నట్టుండి కురిసిన జల్లు. పుస్తకాల్లో ఎన్నిసార్లు చూశానో! కానీ వాన గీతలు రెండు వాలుల్లో ఉన్నాయని దగ్గరికి వెళ్తేగాని తెలియలేదు.

బొమ్మ గీసింది హిరోషిగే. చెక్కినవాడు వేరు, అచ్చు వేసినవాడు వేరు. వెంట్రుకంత గీత మిగలాలంటే చుట్టూ ఉన్న చెక్కనంతా తొలిచేయాలి. ఒక్క గీత విరిగితే? తలచుకుంటేనే నాకు చేతులు వణికాయి. పైనున్న నల్లమబ్బు అచ్చువాడి పనితనం. తడి చెక్క మీద రంగును క్రమంగా పలచన చేసి అద్దాలి, ప్రతి కాగితానికీ మళ్లీ మొదటినుంచి.

వంతెన మీద జనం బట్టలు ఎగగట్టి, గొడుగుల కింద నక్కి పరుగు తీస్తున్నారు. కింద నదిలో తెప్పవాడు మాత్రం తన పని తనదే అన్నట్టున్నాడు. డచ్ చిత్రకారుడు వాన్ గో 1887లో ఈ బొమ్మనే చూసి నూనె రంగుల్లో గీశాడు. ఎందుకో, ఆయన వానలో ఎవరూ తడిసినట్టు అనిపించదు నాకు.

హిరోషిగే అదే బొమ్మల శ్రేణిలోని ఇంకో బొమ్మలో తెల్లపిల్లి. యోషివారా వేశ్యావాటికలో ఒక గది. మనిషి కనిపించదు. కిటికీ గట్టు మీద నీళ్ల గిన్నె, తువ్వాలు. దూరంగా ఫూజీ కొండ, పొలాల గుండా జాతరకు వెళ్తున్న జనం. పిల్లి వాళ్లనే చూస్తోంది.