వ్యాధి నుంచి తప్పించిన ఒక జన్యు మార్పు

కొలంబియాలోని ఆంటియోకియా ప్రాంతంలో అల్జీమర్స్ వ్యాధితో నలభైల వయసులోనే జ్ఞాపకశక్తిని కోల్పోతున్న కుటుంబాలను నాడీవైద్యుడు ఫ్రాన్సిస్కో లోపెరా 1980ల నుంచి, తరతరాల వంశవృక్షాలు గీస్తూ అధ్యయనం చేశారు. దీనికి మూలం ప్రెసెనిలిన్-1 జన్యువులోని ఒక్క మార్పేనని 1990లలో తేలింది. తల్లిదండ్రులలో ఒకరికి అది ఉంటే, ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం.

నన్ను ఎంతగానో కదిలించినది 2019లో ప్రచురితమైన ఒక మహిళ ఉదంతం. అదే మార్పు ఉన్నా, ఈ వ్యాధిలో మెదడులో చేరే అమిలాయిడ్ అనే ప్రోటీన్ విపరీతంగా పేరుకున్నా, డెబ్బై ఏళ్లు వచ్చేవరకు ఆమెకు మతిమరుపు మొదలుకాలేదు. ఏపీఓఈ అనే మరో జన్యువులో, తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆమెకు సంక్రమించిన ‘క్రైస్ట్‌చర్చ్’ అనే అరుదైన మార్పే ఇందుకు కారణమై ఉంటుందని పరిశోధకులు భావించారు. ఈ వ్యాధిలో పేరుకునే మరో ప్రోటీన్ అయిన టౌ ఆమె మెదడులో చేరడం పరిమితంగానే ఉంది, నా దృష్టిలో అసలు కీలకం అదే. లోపెరా 2024లో మరణించారు. క్రైస్ట్‌చర్చ్ మార్పు ప్రభావాన్ని అనుకరించే యాంటీబాడీని అప్పటికే ఎలుకలపై పరీక్షించారు.