పండుగ వెళ్లాక అటక దించాం

ముక్కనుమ నాడు సాయంత్రం మా మరిది కుటుంబాన్ని విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో హైదరాబాద్ బస్సెక్కించి ఇంటికొచ్చాం. కాసేపు సోఫాలో కూలబడదామంటే చోటు లేదు. కొత్త బట్టల అట్టపెట్టెలు, మడతపెట్టని మూడు దుప్పట్లు, పిల్లలు వదిలేసి వెళ్లిన గాలిపటం దారం చుట్ట, వాటి పైన జంతికల డబ్బా. డబ్బా తీసి కింద పెడదామంటే కింద కూడా చోటు లేదు. అప్పుడు నాకు నవ్వే వచ్చింది. ఏడుపు ఫిబ్రవరి మూడో వారంలో వచ్చింది, క్రెడిట్ కార్డు బిల్లుతో పాటు.

మాది విశాఖపట్నం అక్కయ్యపాలెంలో రెండు బెడ్రూంల ఫ్లాట్. మావారు, నేను, ఇంటర్ చదివే అమ్మాయి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మాతోనే ఉంటున్న అత్తయ్య. మావారిది ఆటోనగర్‌లో ప్రైవేటు ఉద్యోగం. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. ఇద్దరిదీ కలిపితే మామూలు నెల గడుస్తుంది. పండుగ నెల గడవదు. ఇది ప్రతి ఏడాదీ తెలిసిన సంగతే, ప్రతి ఏడాదీ జనవరి కొత్తగా వచ్చినట్టే ఆశ్చర్యపోతాం.

ఈసారి ఏం చేశామంటే, పండుగకు కొన్నవన్నీ కార్డు మీదే కొన్నాం. అందరికీ బట్టలు, మరిది పిల్లలకు కానుకలు, ఎక్కువ ధర పెట్టి కొన్న బస్సు టికెట్లు, ఒక మిక్సీ. పాత మిక్సీ పనిచేస్తూనే ఉంది. కానీ భోగి ముందు ఆఫర్ పెట్టారు, వడ్డీ లేని వాయిదాలన్నారు. పాతవి మంటలో వెయ్యాల్సిన రోజులకు మేం కొత్తవి తెచ్చుకున్నాం. వేసిందేమో ఒక కాలు విరిగిన పీట, నాలుగు తాటాకులు, పిడకలు. అటక మీదున్న సామాను అటక మీదే ఉంది.

జనవరి బిల్లు 46,300 వచ్చింది. కింద 'కనీసం కట్టాల్సింది' అని 2,315 ఉంది. హమ్మయ్య అనుకుని అదే కట్టాం. నేను పదో తరగతి లెక్కల్లో 88 తెచ్చుకున్నదాన్ని, ఆ మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి బిల్లులో వడ్డీ 1,865, దాని మీద జీఎస్టీ 336. మా కార్డుకు నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం. అంతకంటే నన్ను కుదిపింది ఇంకొకటి. పాత బాకీ మొత్తం తీర్చలేదు కాబట్టి, ఫిబ్రవరిలో కొన్న పప్పూ ఉప్పూకి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడింది. మామూలుగా దొరికే ఆ ఇరవై, నలభై రోజుల గడువు బాకీ ఉన్నంతకాలం ఉండదట. ఇక ఆ వడ్డీ లేని మిక్సీ సంగతి: వడ్డీ అంత డిస్కౌంట్ ముందే ఇచ్చేస్తారు, బ్యాంకు మాత్రం వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీ మీద జీఎస్టీ మనమే కట్టాలి, పైన ప్రాసెసింగ్ ఫీజు వేరు. పెద్ద మొత్తమేం కాదు. కానీ లేనిదాని మీద పన్ను కట్టినట్టు మనసులో గుచ్చుకుంది.

అప్పుడే మా ఇంట్లో అసలు గొడవ. బ్యాంకులో 50 వేల ఫిక్స్‌డ్ డిపాజిట్, అదే ఎఫ్‌డీ, ఉంది. దాన్ని రద్దు చేసి కార్డు బాకీ కట్టేద్దామన్నాను. మావారు ససేమిరా అన్నారు. "ఎఫ్‌డీ ముట్టుకోకూడదే, అదొక్కటే కదా మనకున్నది" అన్నారు. కాగితం మీద రాసి చూపించాను: ఎఫ్‌డీ మనకు ఏడాదికి ఏడు శాతం ఇస్తోంది, కార్డు మన దగ్గర 42 లాక్కుంటోంది. మధ్యలో తీస్తే ఒక శాతం తగ్గిస్తారు, తగ్గించనీ. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆఫీసు నుంచే ఫోన్‌లో రద్దు చేసి, వచ్చిందంతా కార్డుకు కట్టేసి, ఇంటికొచ్చి "కట్టేశాను" అని మాత్రం అన్నారు. ఎఫ్‌డీ ముట్టుకోవడమంటే పెళ్లాం మెడలో గొలుసు తీసినట్టు అనిపిస్తుంది మగవాళ్లకు. నా అభిప్రాయం ఇది, మావారు ఒప్పుకోరు.

ఆ ఆదివారం అమ్మాయి, నేను నోట్‌బుక్ తీసుకుని కూర్చుని జనవరిలో ఫోన్ నుంచి కట్టినవన్నీ రాశాం. 161 చెల్లింపులు. వంద రూపాయలలోపువే 104. బీచ్‌లో మురీ మిక్చర్ నాలుగు ప్యాకెట్లు, మళ్లీ మూడు, ఆటో 60, పాలు, పాలు, పాలు, కొత్తిమీర 10. ఇంట్లో చుట్టాలు ఉన్నారు కాబట్టి పాలు తప్పవు, అది వేరు. కానీ 'ఏదో' అని రాసినవి పదిహేడు తేలాయి. ఏం కొన్నామో ఎవరికీ గుర్తు లేదు. "అమ్మా, మనం 'ఏదో'కి 1,140 ఖర్చు పెట్టాం" అంది మా అమ్మాయి. దానికి నేనేం చెప్పను?

అటక జోలికి వెళ్లింది మాత్రం కరెంటు బిల్లు వల్ల. మామూలుగా 210 యూనిట్ల దగ్గర ఆగేది 312కి వెళ్లింది. మన దగ్గర శ్లాబుల లెక్క కదా, 225 దాటాక ఒక్కో యూనిట్ ఆరు రూపాయలు కాదు, 8.75. పెరిగింది చుట్టాల వల్ల, గీజరు వల్ల. ఇంకేం కరెంటు లాగుతోందా అని చూస్తే బాల్కనీలో పాత ఫ్రిజ్. కొత్తది కొన్నప్పుడు దాన్ని ఇచ్చేయాల్సింది. "పచ్చళ్లకు ఉంటుందిలే, చుట్టాలొస్తే పనికొస్తాది" అని అత్తయ్య ఉంచేశారు. ఆవిడకు ఊతపదం ఒకటుంది. ఏది పారేయబోయినా "ఉంటే ఏటి పోయింది? తిండి అడుగుతాదా?" అంటారు. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో ఎన్ని వస్తువులు బతికిపోయాయో.

ఫ్రిజ్ తెరిచాం. కార్తీక మాసం కొబ్బరి చిప్పలు, ఎండి తోలులా అయినవి. ఎప్పటిదో తెలియని చింతపండు ముద్ద. ఒక గ్లాసులో మజ్జిగ, దాని మీద నీలం రంగు బూజు, చూడ్డానికి వెల్వెట్‌లా అందంగానే ఉంది. పచ్చళ్లు రెండే జాడీలు, అవి అసలు ఫ్రిజ్‌లో పెట్టాల్సిన పనే లేదు. "అత్తయ్యా, ఇది మాత్రం తిండి అడుగుతోంది. నెలకు యాభై యూనిట్లు. అంటే ఈ బిల్లులోనే నాలుగు వందల పైచిలుకు" అన్నాను. ఆవిడ బిల్లు చేతిలోకి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు. "తీసీయండి" అన్నారు. పాత ఇనుప సామాన్ల బండి అబ్బాయి 900 ఇచ్చి పట్టుకెళ్లాడు. ఆ ఖాళీ చోటు చూసుకుని, అదే ఊపులో అటకకు నిచ్చెన వేశాం.

మా అటక నిండా హుద్‌హుద్ తుపాను ఉంది. బయటి ఊరివాళ్లకు ఇది అర్థం కాకపోవచ్చు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ రోజు కిటికీ అద్దాలు పగిలి, చెట్లు కూలి, ఆ తర్వాత మా వీధిలో ఆరు రోజులు కరెంటు లేదు. నీళ్ల కోసం, పాల ప్యాకెట్ కోసం, పెట్రోలు కోసం లైన్లు. అప్పటికి మా అమ్మాయి చిన్నపిల్ల. పాల కోసం మావారు మద్దిలపాలెం దాకా నడిచి వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చిన పొద్దు నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. ఆ తర్వాత నేను ఏదీ ఒకటి కొనడం మానేశాను. రెండు కొంటాను. నీళ్ల క్యాన్లు రెండు చాలవని ఐదు. కొవ్వొత్తులు డజన్ల లెక్కన. ఎమర్జెన్సీ లైట్లు మూడు. అత్తయ్యను అంటాను కానీ, అటకలో సగం నాదే.

దించి చూస్తే కొవ్వొత్తులన్నీ ఎండలకు కరిగి ఒకే కడ్డీలా అతుక్కుపోయాయి, ఒత్తులు మాత్రం వేరు వేరుగా బయటికి చూస్తున్నాయి. లైట్లలో బ్యాటరీలు కారి తెల్లటి పొడి పట్టింది. మూడింట్లో ఒక్కటీ వెలగలేదు. సముద్రపు గాలికి ఇనుప ట్రంకుపెట్టె అడుగు తుప్పు పట్టి, ఎత్తబోతే రేకులు రేకులుగా నా చేతిలోకి ఊడొచ్చింది. మళ్లీ తుపానొస్తే ఇవి నన్ను ఆదుకునేవట! క్యాన్లు రెండు ఉంచి, మిగతావి ఇచ్చేశాం. చార్జింగ్ పెట్టుకునే లైటు ఒకటి హాల్లోనే, కంటికి కనబడేచోట పెట్టాం. కారిన బ్యాటరీలను మామూలు చెత్తలో వెయ్యకుండా విడిగా ఒక డబ్బాలో కట్టి, చెత్త బండి ఆవిడకు చెప్పి ఇచ్చాను. తడి, పొడి చెత్త కాకుండా ఇవి వేరే రకం.

పేపర్లు, ఇనుము, ప్లాస్టిక్ అన్నీ కలిపి అమ్మితే 1,310 వచ్చింది. ఎన్ని బస్తాలకు అంటారా, ఏడు. కొన్నప్పటి ధరలు తలుచుకోకూడదు.

ట్రంకుపెట్టెలో రెండు ఇత్తడి బిందెలు, ఒక గుండిగ బయటపడ్డాయి. అత్తయ్య సారెలో వచ్చినవి, శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పనివాళ్లు చేసినవి. బండి అబ్బాయి కళ్లు మెరిశాయి. తూకం వేసి మంచి ధరే చెప్పాడు. ఆ డబ్బుతో కార్డులో మిగిలిన బాకీ తీరిపోయేది కూడా. అత్తయ్య ఏమీ అనలేదు. ఆ ఊతపదం కూడా అనలేదు. కొంగుతో గుండిగ అంచు తుడుస్తూ కూర్చున్నారు. అబ్బాయికి టీ ఇచ్చి పంపేశాను. చింతపండు పెట్టి తోమితే మూడో నాటికి అద్దంలా వచ్చాయి, ఇప్పుడు ఒక బిందెలో బియ్యం పోస్తున్నాను.

బట్టల దగ్గర మాత్రం పప్పులో కాలేశాను. అమ్మాయివి, నావి కలిపి రెండు మూటలు పక్కన పెట్టాను, మా వాచ్‌మన్ భార్యను అడిగి కావాల్సినవి ఇద్దామని. నేను బజారుకు వెళ్లొచ్చేసరికి పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడ వచ్చి వెళ్లింది. మూటల్లో ఒకటి మాయం. వంటింట్లో కొత్తగా ఒక స్టీలు బేసిన్, రెండు గిన్నెలు. మా ఇంట్లో అప్పటికే స్టీలు బేసిన్లు నాలుగున్నాయి. బ్లౌజు ముక్కల మూట గురించి రాయను. అది అలాగే ఉంది, కుట్టేవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

ఖర్చు విషయానికొస్తే, ఇప్పుడు కూరగాయలకు వారానికి 600 కవరులో పెట్టి సీతమ్మధార రైతుబజారుకు వెళ్తున్నాను. బోర్డు మీద రేట్లు రాసుంటాయి, బేరం టెన్షన్ లేదు. కవరులో నోట్లు తగ్గుతుంటే కనబడుతుంది, ఫోన్‌లో కనబడదు. పప్పులు, నూనె నెలకోసారి పూర్ణా మార్కెట్‌లో. మొదటిసారి వెళ్లినప్పుడు చవక కదా అని పది కిలోల ఉల్లిపాయలు తెచ్చాను. ఈ ఉక్కపోతలో మూడు కిలోలు కుళ్లిపోయి ఇల్లంతా వాసన. మావారు ఆ రోజు "రెండు కొనడం మానలేదన్నమాట" అన్నారు, అంతే.

మార్చి బిల్లులో కరెంటు 198 యూనిట్లు. కార్డు మీద ఇంకా రెండు వేలు ఉంటే, కుట్టుపని డబ్బుతో కట్టేశాను. రద్దు చేసిన ఎఫ్‌డీ స్థానంలో పోస్టాఫీసులో నెలకు 2,000 కట్టే రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) మొదలుపెట్టాం, వచ్చే సంక్రాంతికి ముందే ఎంత జమవుతుందో మావారు క్యాలెండర్ వెనక రాసి పెట్టారు.

నిన్న ఉగాదికి బూజు దులుపుదామని అటక ఎక్కాను. సగం ఖాళీగా, శుభ్రంగా ఉంది. ఆ ఖాళీలో మధ్యన, మూత పెట్టిన కొత్త స్టీలు డబ్బా ఒకటి. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ అత్తయ్యను "ఇందులో ఏముంది అత్తయ్యా?" అని అడిగాను.

"ఏటీ లేదమ్మా, ఇంకా" అన్నారు.