యార్డు దగ్గు, రెండు పరీక్షలు

మిర్చి యార్డులో దగ్గని మనిషి ఉండడు. గుంటూరులో కమీషన్ కొట్టు గుమస్తాని కాబట్టి సీజన్లో నా దగ్గును ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. తేజా రకం మిర్చి టిక్కీ (బస్తా) విప్పితే పక్క కొట్టువాళ్లకీ తుమ్ములొస్తాయి మరి. కానీ ఎండాకాలం సెలవులకు యార్డు మూసేశాక కూడా అది పోలేదు. సాయంత్రమైతే జ్వరం, తెల్లారేసరికి చెమటకు తడిసిన బనియను. ప్యాంటు నిలవడానికి బెల్టుకు కొత్త చిల్లు పొడిపించుకున్నాను.

కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది. టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారని అప్పుడే తెలిసింది. కౌన్సెలర్ మేడం తలుపు దగ్గరగా వేసి, మంచినీళ్లు నా ముందు పెట్టారు. ఆమె నోరు విప్పకముందే అర్థమైపోయింది. ఎలా వచ్చిందని అడిగేవాళ్లకు నేను జవాబు చెప్పను. షుగరొచ్చినవాణ్ని ఎవరూ అలా నిలదీయరు కదా.

ముందు టీబీ మందులు, అవి ఒంటికి పడ్డాక ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అణిచిపెట్టే మందులు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్, మూడూ కలిపి రాత్రికి ఒకే బిళ్ల. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుందట, అందుకని పొద్దున విడిగా ఇంకో డోలుటెగ్రావిర్ ఇచ్చారు. మూత్రం ఎర్రగా వస్తే రక్తమేమోనని హడలిపోయాను. అది రిఫాంపిసిన్ రంగేనని నర్సమ్మ నవ్వింది.

ఒళ్లు కాస్త తేరుకుంటోందనుకునేలోపే మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ లేచింది, మళ్లీ జ్వరం. ఇక మందు పనిచేయట్లేదు, నా పని అయిపోయిందనుకున్నాను. డాక్టరుగారు మాత్రం తాపీగా చెప్పారు: "నీరసించిన ఒంటికి శక్తి తిరిగొచ్చి, లోపల దాక్కున్న టీబీ మీద ఇప్పుడు తిరగబడుతోంది. బిళ్ల మాత్రం ఆపకు." ఆ నెలంతా టెన్షనే. గడ్డ మెల్లగా కరిగింది.

ఏఆర్‌టీ సెంటరు బెంచీ మీద ఒక పెద్దాయన పరిచయమయ్యారు. 2004లో ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టిన తొలి రోజుల మనిషి. అప్పటి మందుకు ఆయన బుగ్గలు పీక్కుపోయాయి. "మా రోజుల్లో సీడీ4 బాగా పడిపోతేగానీ మందిచ్చేవాళ్లు కాదు బాబూ" అన్నారు. సీడీ4 అంటే రోగాలతో పోరాడే తెల్లకణాల లెక్క. 2017 నుంచి ఆ షరతు లేదు. పాజిటివ్ అని తేలితే చాలు, సీడీ4 ఎంతున్నా మందు మొదలుపెడతారు.

మా ఆవిడకు పరీక్షలో నెగటివ్ వచ్చింది, మూడు నెలలాగి చేసినా నెగటివే. "ముందు అన్నం తినండి, ఆ మాటలు తర్వాత" అంది. తర్వాత గట్టిగానే మాట్లాడుకున్నాం, అది మా ఇంటి సంగతి. నా వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, పరీక్షలో కనపడనంతగా తగ్గి, అలాగే నిలిచింది. మందు మానకుండా అలా ఉన్నంతకాలం నా నుంచి ఆమెకు సోకదని డాక్టరుగారు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. కొట్టు యజమానికి టీబీ సంగతి చెప్పాను. రెండోది చెప్పాల్సిన పని లేదు.

నన్ను బాధపెట్టింది జబ్బుకన్నా ఆ తర్వాత జరిగింది. హెర్నియా ఆపరేషన్‌కని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే, కేసు షీటు మీద ఎర్ర సిరాతో పెద్ద అక్షరాల్లో నా జబ్బు పేరు రాసి మంచానికి తగిలించారు. పక్క మంచమామె పిల్లాణ్ని ఇటు రానివ్వలేదు. సాయంత్రానికి "మా దగ్గర సౌకర్యం లేదు" అని డిశ్చార్జి చేసేశారు.

కౌన్సెలర్ మేడం 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం గురించి చెప్పారు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించకూడదు, మన ఒప్పుదల లేకుండా బయటపెట్టకూడదు. ఎవరికైనా సందేహాలుంటే 1097కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. నేను ఆ ఆసుపత్రికి ఫిర్యాదు రాసిచ్చాను. వెంటనే ఫోన్లు మొదలయ్యాయి, "రండి సార్, చేసేస్తాం" అని. అప్పటికే పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయిపోయి, కుట్లు కూడా తీశారు. అయినా ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. ఆ ఎర్ర అక్షరాలు ఎవరు రాయమన్నారో కాగితం మీద రాసివ్వమన్నాను. ఇంకా ఇవ్వలేదు.