ఆరు గజాల దగ్గర

2025 ఫిబ్రవరి 20 తెల్లవారుజామున, ఇంగ్లండ్‌లో ఇంకా 19వ తేదీ రాత్రి నడుస్తుండగా, ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆస్టన్ విల్లాతో లివర్‌పూల్ ఆడిన మ్యాచ్‌ను విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటి ముందుగదిలో టీవీ శబ్దం పూర్తిగా తగ్గించుకుని చూశాము. మన గడియారం ప్రకారం ఒంటిగంటకు మొదలయ్యే ఇలాంటి మ్యాచ్‌లప్పుడు ఇంట్లో ఎవరినీ నిద్ర లేపకూడదన్నది మా బావమరిదికీ నాకూ మధ్య ఉన్న పాత ఒప్పందం. ఆ రాత్రి దాన్ని తప్పింది నేనే.

స్కోరు 2–2గా ఉంది. లివర్‌పూల్ ఫార్వర్డ్ డార్విన్ నూనెజ్ మైదానంలోకి దిగి ఎంతోసేపు కాలేదు. అతని జట్టువాడు సొబోస్లాయ్ గోల్ వైపు దూసుకుపోయి, విల్లా గోల్‌కీపర్ మార్టినెజ్‌ను తన వైపు రప్పించుకుని, బంతిని అడ్డంగా నూనెజ్‌కు తోశాడు. ముందు 7.32 మీటర్ల వెడల్పూ 2.44 మీటర్ల ఎత్తూ ఉన్న గోల్ ఖాళీగా ఉంది. దూరం ఆరు గజాలకు అటూ ఇటూగా ఉంటుంది. నూనెజ్ తన్నిన బంతి క్రాస్‌బార్ మీదుగా ప్రేక్షకుల్లోకి పోయింది. నేను పెట్టిన కేకకు మా ఆవిడ దొంగ పడ్డాడనుకుని లేచి వచ్చి లైటు వేసింది. మ్యాచ్ అదే స్కోరుతో ముగిసింది.

అసలు వాదన తెల్లవారాక ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియం దగ్గర టీ తాగుతున్నప్పుడు మొదలయింది. ఉదయపు నడకకు వచ్చేవాళ్లలో మేము ఫుట్‌బాల్ పిచ్చివాళ్లం ఆరుగురం ఉన్నాము. క్రికెట్ తప్ప మరొకటి ఆటే కాదనుకునే ఊళ్లో ఆరుగురంటే తక్కువేమీ కాదు. మా బావమరిది ముందుగా అందుకుని, 2022లో పోర్చుగల్ క్లబ్బు బెన్‌ఫికాకు మొదటి విడతగానే ఏడున్నర కోట్ల యూరోలు పోసి తెచ్చుకున్న మనిషికి ఎప్పుడు ఏం చేయాలో తెలియదనీ, వాడికి లేనిది కాళ్లలో బలం కాదు, తలలో నిర్ణయమనీ తేల్చేశాడు. చివరికి, "పేరులోనే నూనె ఉంది బావా, బంతి జారక ఏం చేస్తుంది?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. బ్యాంకులో పనిచేసే మరో మిత్రుడు మాత్రం ఇది తలరాత తప్ప తల తప్పు కాదని వాదించాడు. 2024 జనవరి 31న చెల్సీ మీద ఒక పెనాల్టీతో సహా నాలుగుసార్లు గోల్ కర్రలకే బంతిని కొట్టినవాడిని దురదృష్టవంతుడనక ఏమనాలన్నది ఆయన ప్రశ్న. ఆ మ్యాచ్‌ను లివర్‌పూల్ 4–1తో గెలిచింది కాబట్టి ఆ నాలుగు దెబ్బలూ నవ్వులాటగా మిగిలాయి గానీ, ఓడి ఉంటే అప్పుడే ఈ పంచాయితీ జరిగేది.

నాకు ఇద్దరి మాటా నచ్చలేదు. నిబ్బరం వేరు, నిర్ణయం వేరు. అభిమానులం కోపంలో ఈ రెంటినీ ఒకే మూటలో కట్టి ఆటగాడి నెత్తిన పడేస్తాము. విల్లా మైదానంలో ఆ క్షణాన నూనెజ్ తీసుకోవలసిన నిర్ణయం ఒక్కటే ఉంది, గోల్ వైపు తన్నడం; అతను తన్నాడు. పక్కనున్నవాడికి ఇవ్వకుండా దురాశకు పోయాడనడానికీ లేదు, ఆలస్యం చేశాడనడానికీ లేదు. నిర్ణయం సరైనదే అయి, పని చెడిపోయింది. ఎందుకు చెడిందన్నదే ప్రశ్న.

దానికి సమాధానం మాతోపాటు టీ తాగుతూ అప్పటిదాకా నోరు విప్పని రిటైర్డ్ పీఈటీ మాస్టారు చూపించారు. ఆయన ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, అక్కడ పిల్లలు ఆడుకుంటున్న బంతిని అడిగి తీసుకుని, రెండు జతల చెప్పులను గోల్ కర్రలుగా నిలిపి, ఆరు గజాలు అడుగులతో కొలిచి మా బావమరిదిని నిలబెట్టారు. మోకాలి ఎత్తు దాటిన బంతి గోల్ కాదని నియమం పెట్టి, తానే పక్క నుంచి కాస్త వేగంగా బంతిని పదిసార్లు దొర్లించారు. మావాడు నాలుగు మాత్రమే నేల మీద ఉంచగలిగాడు. ఒకటి ఎవరిదో స్కూటర్ సీటుకు తగిలింది. "బంతి నీ దగ్గరికి రాకముందే నీ కళ్లు చెప్పుల మీదికి పోతున్నాయి రా. కళ్లు అటు పోతే నిలదొక్కుకునే కాలు బంతికి వెనకే పడుతుంది, ఒళ్లు వెనక్కి వాలుతుంది, ఇక బంతి లేవక ఏమవుతుంది?" అన్నారు మాస్టారు. ఇరవై ఏళ్లుగా ఫుట్‌బాల్ చూస్తున్నా, నిబ్బరం అనేది నిలబడే కాలు ఎక్కడ పడిందన్న దాంట్లో కూడా ఉంటుందని నేనెప్పుడూ ఆలోచించలేదు. మావాడి వెనక స్టేడియం నిండా జనం లేరని కూడా ఇక్కడ చెప్పుకోవాలి.

అయినా నా అభిప్రాయంలో ఆ తప్పిపోయిన గోల్ అంత పెద్ద నేరం కాదు. దాదాపు నెల రోజుల ముందు, 2025 జనవరి 18న బ్రెంట్‌ఫర్డ్ మైదానంలో తొంభై నిమిషాలు దాటాక ఇదే మనిషి రెండు గోల్స్ వేసి మ్యాచ్ గెలిపించాడు. జట్టులోని ఎలియట్ నుంచి పాస్ అందుకుని రెండోది కొట్టిన తీరులో కంగారు అన్నది మచ్చుకైనా లేదు. 2023 ఆగస్టులో పది మందితో ఆడుతున్న లివర్‌పూల్‌ను న్యూకాజిల్ మీద 2–1తో గట్టెక్కించిన రెండు గోల్స్ కూడా ఇతనివే. నిబ్బరమే లేనివాడు ఇవి చేయలేడు. ఉన్నదే ఒక్కొక్కప్పుడు జారిపోతుందంటే ఒప్పుకుంటాను.

జారిన తర్వాత ఏం జరిగిందన్నదే నన్ను కలవరపెట్టింది. విల్లా మ్యాచ్‌లో ఆ బంతి పైకి పోయాక నూనెజ్ వేరే మనిషి అయిపోయాడు. మామూలుగా ప్రత్యర్థి డిఫెండర్ల మీదికి కుక్కపిల్లలా ఉరికే వాడు, బంతి పోయినప్పుడు వెంటపడడం తగ్గించి తల దించుకుని తిరిగాడు. రెండు రోజుల తర్వాత కోచ్ ఆర్నె స్లాట్ కూడా, అవకాశం తప్పిపోవడాన్ని తాను అర్థం చేసుకోగలననీ, దాని తర్వాత అతని కష్టం తగ్గడాన్ని మాత్రం ఒప్పుకోవడం తేలిక కాదనీ అన్న అర్థంలో విలేఖరుల ముందు మాట్లాడాడు. కోచ్ తన ఆటగాడి గురించి నలుగురిలో అలా అనవచ్చునా అని మా గుంపులో మళ్లీ ఒక ఉపవాదం లేచింది. అనవచ్చుననే నా ఉద్దేశం, ఎందుకంటే ఆయన కాలిని తప్పు పట్టలేదు, ఆ తర్వాతి ఇరవై నిమిషాలను తప్పు పట్టాడు. అభిమానులం మాత్రం ఆ ఇరవై నిమిషాలను వదిలేసి, ఒక్క తన్నునే ఫోన్లలో వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ కూర్చున్నాము. వాట్సాప్‌లో మా బావమరిది ఆ క్లిప్‌ను నాకే మూడుసార్లు పంపాడు.

మార్చి 11న లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో పారిస్ జట్టు పీఎస్‌జీతో జరిగిన ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ పెనాల్టీలదాకా వెళ్లింది. మనకు అప్పటికి మర్నాటి తెల్లవారుజామయింది. లివర్‌పూల్ తరఫున సలా మొదటిది గోల్ చేశాక రెండో పెనాల్టీకి నూనెజ్ నడుచుకుంటూ వచ్చాడు. పీఎస్‌జీ గోల్‌కీపర్ దొన్నరుమ్మ దాన్ని ఆపాడు, తర్వాత వచ్చిన కర్టిస్ జోన్స్‌దీ ఆపాడు, లివర్‌పూల్ టోర్నీ నుంచి వెళ్లిపోయింది. ఈసారి నేను కేక వేయలేదు. నూనెజ్‌ను మూడు వారాలుగా తిడుతున్న మా బావమరిదే కాసేపు ఊరుకుని, "అంత తిట్టించుకున్నాక కూడా రెండోవాడిగా వచ్చాడు కదా బావా, అది నిర్ణయం కాదా?" అన్నాడు. టీవీ కట్టేస్తూ ఏదో గొణిగానే తప్ప సరైన జవాబు చెప్పలేకపోయాను.

ఆ సీజన్‌లో లివర్‌పూల్ లీగ్ గెలిచింది. ఆగస్టులో నూనెజ్ సౌదీలోని అల్ హిలాల్‌కు వెళ్లిపోయాడు. ఆ లీగ్ మ్యాచ్‌లు మన టైముకు ఎన్నింటికి మొదలవుతాయో మొన్న టీ కొట్టు దగ్గర కనుక్కుంటున్నది మా బావమరిదే.