డయాలసిస్ ఫ్రీ, మరి గోలీలు?

మా చిన్నాయినకు రెండు కిడ్నీలూ పోయినయి. వారానికి మూడుసార్లు నల్లగొండకు డయాలసిస్‌కు తీస్కపోతం. ఆరోగ్యశ్రీ కింద సర్కారే కడ్తది, మమ్మల్ని రూపాయి అడుగరు. అది లేకుంటే ఉన్న రెండెకరాలు ఎప్పుడో అమ్ముకునేటోళ్లం.

"ఎవరి రోగానికి వాళ్లే పెట్టుకోవాలె, సర్కారుకేం పని" అని మొన్న పెండ్లిల ఒకాయన అన్నడు. నాకు మస్తు కోపమొచ్చింది. ఈ పథకం 2007 ఏప్రిల్‌ల అనంతపురం, శ్రీకాకుళంతోపాటు మన పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లలనే మొదలైంది. వలస కూలోళ్ల ఇంట్ల గుండె ఆపరేషన్ అంటే అప్పన్నా చెయ్యాలె, ఆశన్నా వదులుకోవాలె. అసుంటి జిల్లా అది. 2023 డిసెంబర్‌ల ఒక్కో ఇంటికి ఏడాదికి సర్కారు పెట్టే వైద్యం ఖర్చు పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలు చేసిన్రు. మంచి పనే.

కానీ రోగమంటే ఆస్పత్రి బెడ్డొక్కటే కాదు కదా. మా చిన్నమ్మ సంచి తీసి చూడుండ్రి. బీపీ గోలీలు, రక్తం పెరిగే ఇంజెక్షన్, బయట చేయించిన పరీక్షల చిట్టీలు. చిట్టీల వెనక పెన్నుతోని లెక్క రాసుకుంటది, మందుల షాపుల ఖాతా వేరే. బస్సుల ఆడోళ్లకు ఫ్రీ, ఆమెకు టికెట్ పైసల్లేవు గానీ, డయాలసిస్ అయినంక ఆయన నిలబడలేడు, ఆటోనే మాట్లాడాలె. తోడు పోయిన రోజు ఆమె కూలి పాయె. నెలకు 2,016 పింఛన్ మందుల షాపు కాడనే అయిపోతది.

ఆపరేషన్‌కు లక్షలు పెట్టే సర్కారు, నెలనెలా గోలీలు గూడ మా ఊరి దవాఖానల ఇయ్యాలె. గట్టిగనే అడుగుతున్న.